మౌలాలీ సార్ కాదన్నాడంటే

మౌలాలీ సార్‌కి ఒక్కటే అలవాటు. మనం ఏం చెప్పినా ముందు "కాదు" అంటాడు. విన్నాక అంటే సరే అనుకోవచ్చు. వినకముందే అంటాడు. మన నోరు తెరుచుకోవడం కనపడితే చాలు, ఆయన నోట్లోంచి కాదు బయల్దేరి వచ్చేస్తది. ఆ తర్వాత మనం ఏం చెప్పామో తీరిగ్గా గుర్తు చేసుకుని, అది ఎందుకు కాదో అప్పుడు వెతుక్కుంటాడు. ఎక్కువ చేసి చెప్తన్నా అనుకుంటారేమో. చేస్తన్నా, కానీ చానా కొంచెమే.

మా నరసరావుపేటలో పల్నాడు రోడ్డు మీద ఓ పురుగుమందుల షాపుంది. దాని పైమేడలో ఓ కంపెనీ, పేరు పైరుచూపు. మెయిన్ ఆఫీసు హైదరాబాదులో. రైతు మిరప ఆకుని ఫోన్‌లో ఫోటో తీసి యాప్‌లో పెడితే, అది ఏం తెగులో, ఏం చెయ్యాలో యాప్ చెప్తది. మరి యాప్‌కి ఎవరు చెప్తారు? మేమే! డిగ్రీలో సైన్సు చదివే పిల్లలం. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఆఫీసులో పార్ట్‌టైం. ఒక్కో ఫోటో చూసి ఇది ముడత, ఇది మచ్చ, ఇది బాగానే ఉంది అని పేరు పెడతాం. దాన్ని లేబుల్ అంటారు. మేం పేర్లు పెట్టినవి చూసి చూసి యాప్ నేర్చుకుంటది. దీన్ని డేటా టీం అంటారు. ఆ టీంకి పెద్ద మౌలాలీ సార్.

నా ఇంటర్వ్యూ ఇట్టా జరిగింది.

"నా పేరు తరుణ్ సార్. బీఎస్సీ స్టాటిస్టిక్స్."

"కాదు."

నా పేరు కాదా, నా డిగ్రీ కాదా?

"స్టాటిస్టిక్సే సార్. సెకండియర్."

"చదివేది స్టాటిస్టిక్స్ కావచ్చు. ఇష్టం మాత్రం కాదు. కంప్యూటర్స్‌లో సీటు రాక ఇందులో చేరావు."

"లేదు సార్, కావాలనే చేరా."

"కాదు. కావాలని స్టాటిస్టిక్స్‌లో చేరినోణ్ణి నేనింతవరకు చూళ్లా."

నాకు కోపమొచ్చింది. మా ఇంట్లో వాళ్లతో ఎట్టా పోట్లాడి చేరానో, క్రికెట్ స్కోర్లు చూస్తా సగటులెట్టా కట్టేవాడినో, మొత్తం చెప్పా. గొంతు కూడా పెరిగినట్టుంది. ఆయన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని విన్నాడు.

"సోమవారం నుంచి రా."

"అంటే ఉద్యోగం ఇచ్చినట్టేనా సార్?"

"కాదు. సోమవారం వస్తే ఇచ్చినట్టు."

కింద టీ బంకు పున్నయ్య బాబాయ్ ఈ రోగానికి మందు కనిపెట్టినోడు. మొదట్లో "టీనా సార్?" అని అడిగితే "కాదు" అనేవాడంట. సరే అని పున్నయ్య బాబాయ్ వేరే బేరం చూసుకునేవాడు. సార్ అక్కడే నిలబడి, నా టీ ఏదయ్యా అని అరిచేవాడు. చూసీ చూసీ పున్నయ్య బాబాయ్ ప్రశ్న మార్చేశాడు.

"కాఫీనా సార్?"

"కాదు."

"అయితే ఇదుగో టీ."

అందరికన్నా పాపం ఆ కొరియర్ పిల్లోడు. సార్ ఆఫీసుకి కొత్త కీబోర్డు ఆర్డర్ పెట్టుకున్నాడు. పిల్లోడు మేడ మెట్లెక్కి వచ్చి, "మౌలాలీ గారేనాండీ?" అన్నాడు. "కాదు" అన్నాడు సార్, స్క్రీన్ మీద నుంచి తల తిప్పకుండా. వాడు సారీ చెప్పి దిగిపోయాడు. సాయంత్రం ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీరు దొరకనందున పార్సిల్ వెనక్కి పోతంది అని. సార్ ఫోన్ చేసి వాళ్లతో యుద్ధం పెట్టుకున్నాడు.

"నేను ఆఫీసులోనే ఉన్నానయ్యా, పొద్దుటి నుంచి కుర్చీ దిగలా!"

అవతల ఏదో చెప్తన్నారు.

"కాదు, కాదు! నేను కాదని ఎవడు చెప్పాడు?"

మేం నలుగురం స్క్రీన్ల వెనక తలలు దాచుకుని నవ్వుకున్నాం.

పనిలో మాత్రం ఈ కాదు వల్ల మాకు నవ్వు రాదు, నీరసం వస్తది. ఒక ఫోటోకి ఇద్దరు లేబుల్ పెట్టాలి. ఒకరు పెట్టింది ఇంకొకరికి కనపడదు. ఇద్దరిదీ ఒకటైతే ఫోటో ముందుకు పోవాలి, వేరువేరైతే పెద్దాయన తేల్చాలి. అన్ని ఆఫీసుల్లో అంతే. మా సార్ ఇద్దరిదీ ఒకటైన ఫోటోలు కూడా వెనక్కి లాగుతాడు.

"ఇద్దరం ఒకటే పెట్టాం కదా సార్!"

"కాదు. ఒకడు ఆలోచించాడు, ఇంకోడు ఆవులిస్తా నొక్కాడు. ఎవరు ఆవులించారో చెప్పండి."

మా సాయి ప్రియ కెమిస్ట్రీ. నోట్లో మాట ఆగదు. సార్‌తో సరిసమానంగా వాదించేది అప్పట్లో అది ఒక్కతే. మిరపకి రెండు రకాల ముడతలుంటయి. ఆకు పైకి ముడుచుకుంటే ఒక పురుగు, కిందికి ముడుచుకుంటే ఇంకొకటి. ఒకరోజు సాయి ప్రియ కింది ముడత అని పెట్టింది.

"కాదు. కళ్లు పెట్టి చూడు, ఆకు దోనెలా పైకి లేచింది. పైముడత."

"ఫోటో తలకిందులుగా ఉంది సార్."

"నువ్వు పొలంలో ఉండి చూశావా?"

"ఫోటోలో పైన చూడండి సార్, రైతు చెప్పులు కనపడతన్నయి. చెప్పులు ఆకాశంలో ఉంటయ్యా?"

సార్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. చెప్పులు నిజంగానే ఉన్నయి. నీలం రంగు హవాయి చెప్పులు, కాళ్లతో సహా.

"కాదు. ఆయన చెట్టెక్కి ఉండొచ్చు."

"మిరప చెట్టా సార్?"

ఆఫీసంతా ఘొల్లుమంది. సార్ మాత్రం నవ్వకుండా, సరే, కింది ముడతే పెట్టుకో, కానీ నేను ఒప్పుకున్నానని కాదు, అని పోయాడు.

ఇట్టాంటి చోటికి ఇష్రత్ వచ్చింది.

ఇష్రత్‌ది బోటనీ. రోజూ పిడుగురాళ్ల నుంచి బస్సులో వస్తది. వాళ్ల నాన్న లారీ మెకానిక్. ఆ పిల్ల నోట్లో నుంచి రోజుకి రెండు మాటలొస్తే మాకు పండగ, ఆ రెండూ కూడా "అవును సార్" అయ్యేవి. అట్టాంటి పిల్లని, ప్రతిదానికీ కాదనే మనిషి ముందు కూర్చోబెట్టారు. ఆ మొదటిరోజు నేను పక్క కుర్చీలోనే ఉన్నా, పని మానేసి చూశా.

"ఇదేందమ్మా, మచ్చ తెగులు అని పెట్టావు? కాదు."

"అవును సార్." టక్కున మార్చేసి ముడత అని పెట్టింది.

"ముడత కూడా కాదు."

"అవును సార్." తెగులు లేదు అని పెట్టింది.

"అసలు తెగులే లేకుండా ఎట్టా ఉంటది? కాదు."

"అవును సార్." మళ్లీ మచ్చ తెగులు.

సార్‌కి ఏం చెయ్యాలో తోచలా. అన్నాళ్ల సర్వీసులో ఆయన కాదుకి ఎదురుగా ఎప్పుడూ ఏదో ఒక గోడ ఉండేది, కొడితే శబ్దం వచ్చేది. ఇక్కడ దూది మూటని గుద్దినట్టుంది. కాసేపు ఆ పిల్ల వంక, కాసేపు ఫ్యాను వంక చూసి, "పున్నయ్య కాడికి పోయొస్తా" అని దిగిపోయాడు. ఆరోజు ఆయన రెండు టీలు తాగాడని పున్నయ్య బాబాయ్ చెప్పాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి నేనో తమాషా కనిపెట్టా. పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చే ఫోటోల్లో మిరప ఆకుల మీద తెల్లగా పొడి ఉంటది. నేను వాటికి బూడిద తెగులు అని పెట్టేవాణ్ణి. తెల్లపొడి అంటే బూడిద తెగులేగా, ట్రైనింగులో చెప్పింది అదే. ఇష్రత్ మాత్రం "తెగులు లేదు" అని పెట్టేది. సార్ వచ్చి "కాదు, ఇది బూడిద తెగులు" అనేవాడు. "అవును సార్" అనేది. అని, లేబుల్ మార్చేది కాదు! నోరు అవునంటంది, చెయ్యి మాత్రం మౌసు మీద కదలకుండా కూర్చుంది. సార్ కూడా అది చూశాడు. చూసి, ఏమీ అనకుండా పోయాడు. ఆయన ఏమీ అనకుండా పోవడం అదే మొదటిసారి, నేనది కూడా గమనించాలి గానీ గమనించలా.

ఇంతలో హైదరాబాదు నుంచి మెయిల్ వచ్చింది. అక్కడ మా పని చూసేది సుభాషిణి మేడం. మంచి మనిషే, కానీ లెక్క అంటే లెక్కే. ఆమె రాసింది ఏందంటే, మీ టీంలో ఒకే ఫోటోకి ఒకరు బూడిద తెగులంటున్నారు, ఇంకొకరు ఏమీ లేదంటున్నారు, మా హైదరాబాదు టీం మొత్తం తెగులనే అంటంది, స్టూడెంట్లతో చేయించడమే పొరపాటేమో. శుక్రవారం వీడియో కాల్‌లో దీనికి సరైన కారణం చెప్పండి. లేకపోతే నరసరావుపేట పార్ట్‌టైం టీం ఆపేసి, పని హైదరాబాదుకి తెచ్చుకుంటాం.

మాకు బాధే. నాకు పెట్రోలు డబ్బులు పోతయి, సాయి ప్రియకి కొత్త ఫోను ఆశ పోతది. ఇష్రత్‌కి మాత్రం డిగ్రీనే పోతది. ఆ సంగతి సాయి ప్రియ ఆ పిల్లని బాత్రూం దగ్గర పట్టుకుని అడిగితే బయటికొచ్చింది. బస్సు ఖర్చు, ఫీజులు నువ్వే చూసుకుంటేనే చదువు అని వాళ్ల నాన్న చేర్చాడంట. ఈ పని పోతే చదువు ఆపేసి, మేనమామ ఫ్యాన్సీ షాపులో గాజులు, రిబ్బన్లు అమ్మాలంట.

"మరి నువ్వు పెట్టిన లేబుళ్లు ఎందుకు పెట్టావో సార్‌కి చెప్పొచ్చు గదే?" అంది సాయి ప్రియ.

"సార్ కాదంటారుగా" అంది ఇష్రత్.

ఆరోజు నుంచి సార్ ఇష్రత్ మీద పడ్డాడు. వేరే ఎవర్నీ పట్టించుకోడు. కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన వేసుకుని, ఒకటే ప్రశ్నలు.

"తెల్లగా ఉంది. బూడిద తెగులు. అవునా?"

"...దుమ్ము సార్."

ఆ పిల్ల నోట్లోంచి కొత్త మాట రావడం విని మేం తలలు తిప్పాం.

"కాదు. దుమ్ము మట్టి రంగులో ఉంటది."

"మా ఊళ్లో తెల్లగానే ఉంటది సార్."

"ఏం, మీ ఊళ్లో దుమ్ముకి సబ్బు పెట్టి తోముతారా?"

"సున్నం బట్టీలున్నయి సార్. రాయి కాలుస్తారు. లారీలు పోతా ఉంటయి. మా అమ్మ ఆరేసిన నల్ల చున్నీ సాయంత్రానికి తెల్లగా అయిద్ది."

"చున్నీకి తెగులు రాదు. మిరపకి వస్తది. కాదు."

ఇష్రత్ కళ్లల్లో నీళ్లు తిరిగినయి. సాయి ప్రియ లేచింది. "సార్, ఆ పిల్లనే ఎందుకట్టా సతాయిస్తారు? మా మీద పడండి, మేం చూసుకుంటాం!"

"కాదు. మీరు కూర్చోండి."

మర్నాడు ఇష్రత్ టిఫిన్ బాక్సు తెచ్చింది. మూత తీస్తే అందులో అన్నం లేదు, తడి జేబురుమాలులో చుట్టిన మిరప ఆకులు. సార్ ముందు ఒక ఆకు పెట్టి, వేలితో తుడిచింది. ఆకు పచ్చగా మెరిసింది, వేలికి తెల్లగా అంటుకుంది.

"చూడండి సార్."

"కాదు. బూడిద తెగులు కూడా తుడిస్తే కొంత పోతది. దీంతో ఏం తేలింది?"

ఆ పిల్ల ఖాళీ డబ్బా వంక చూసింది. ఆరోజు తనకి అన్నం లేదని అప్పుడు అర్థమైంది మాకు. సాయి ప్రియ సార్‌కి వినపడేట్టు "రాక్షసుడు" అంది. సార్ వినపడనట్టు పోయి, కిందినుంచి నాలుగు పునుగుల పొట్లాలు పంపించాడు. మాకా పునుగులు తినాలో మానాలో తెలీలా. తిన్నాం.

ఆ మరుసటి రోజు ఇష్రత్ బోటనీ పుస్తకం, ఇంకో డబ్బా ఆకులు తెచ్చింది. ఈసారి సార్ అడక్కముందే మొదలుపెట్టింది.

"సార్, మిరపకి బూడిద తెగులొస్తే తెల్లపొడి ఆకు కింద వైపు వస్తది. పైన పసుపు మచ్చలు పడతయి. రైతులు రెండు వైపులా ఫోటో పెడతారుగా, చూడండి, ఇక్కడ తెలుపంతా పైనే ఉంది. కింద పచ్చగా ఉంది."

"కాదు. ఒక్క ఆకు చూసి చెప్తావా?"

"ఒక్కటి కాదు సార్! రోడ్డు పక్క చెట్లకే ఉంటది, పొలం లోపలికి పోయేకొద్దీ తగ్గిపోద్ది!"

"అయితే? తెగులు కూడా రోడ్డు వైపు నుంచి మొదలవ్వొచ్చు."

"ఏ సార్, తెగులు బస్సు దిగొస్తదా?"

అరిచింది. నిజంగా అరిచింది! కింద షాపులో మందులు కొనేవాళ్లు పైకి చూశారంట. అరిచేసి, తనే భయపడి రెండు చేతులతో నోరు మూసుకుంది. సార్ నిదానంగా లేచి, కుర్చీ తీసి మళ్లీ తన బల్ల దగ్గర వేసుకున్నాడు.

"కాదు" అని, టీకి పోయాడు.

ఇక శుక్రవారం మీద మాకు ఒకటే ధైర్యం. ఇష్రత్ మాటలన్నీ సార్ విన్నాడు. ఒప్పుకోకపోయినా, హైదరాబాదు వాళ్లు ఏదంటే దానికి ఎదురు చెప్పడం ఆయనకి ఎట్టాగూ అలవాటే. మేడం ఇది తెగులు అంటే, కాదు అనక మానడు. అలవాటు వల్లయినా మన టీం నిలబడుద్ది అనుకున్నాం.

శుక్రవారం మధ్యాహ్నం సార్ మెడకి ఉన్ని మఫ్లర్ చుట్టుకుని దిగాడు. బయట ఎండ చిటచిటలాడతంది. మేం నోరు తెరిచేలోగా చెయ్యి అడ్డం పెట్టి, గొంతు చూపించి, రెండు చేతులూ ఊపాడు. గొంతు పోయిందంట! బోర్డు మీద పెన్నుతో రాశాడు: ఇష్రత్ మాట్లాడుద్ది.

"నేనా సార్?" అంది ఇష్రత్.

సార్ బోర్డు మీద ఆ మాట కింద గీత గీశాడు.

"ఇంకెవరైనా..."

ఇంకో గీత గీశాడు.

కాల్ మొదలైంది. స్క్రీన్ మీద సుభాషిణి మేడం, పక్కన ఇంకో ఇద్దరు. ఇష్రత్ కెమెరా ముందు కూర్చుంది.

"ఇష్రత్, ఈ ఫోటోల్లో ఆకు మీద తెల్లపొడి స్పష్టంగా ఉంది కదా. బూడిద తెగులు కాదా?"

"...దుమ్ము మేడం."

"దుమ్ము మట్టి రంగులో ఉంటుంది కదమ్మా."

ఇష్రత్ తల ఎత్తింది. ఈ ప్రశ్న ఎక్కడో విన్నట్టుందే అన్నట్టు మేడం వంక చూసింది. తర్వాత బట్టీలు, లారీలు, నల్ల చున్నీ, అన్నీ చెప్పింది. మొదట్లో గొంతు సన్నగా ఉంది. మరి తుడిచి చూశారా అంది మేడం. తుడిచాను మేడం. తెగులు కూడా కొంత తుడిస్తే పోతుందిగా? ఆకు కింద చూడండి మేడం. ఒక్క ఆకుతో ఎలా చెప్తాం? ఒక్కటి కాదు మేడం, రోడ్డు పక్క ఫోటోలు, లోపలి ఫోటోలు రెండూ తెరవండి, చెప్తాను. మేడం ఏది అడిగినా ఆ పిల్ల దగ్గర జవాబు రెడీగా ఉంది, ముందే ఎవరో తర్ఫీదు ఇచ్చినట్టు. ఆ ఇచ్చిందెవరో నాకు ఆ నిమిషాన కూడా తట్టలా.

అప్పుడు మేడం సార్ ఎన్నడూ అడగనిది అడిగింది.

"సరే, ఒకే ఆకు మీద దుమ్మూ ఉండి, తెగులూ ఉంటే? అప్పుడు ఏం పెడతావు?"

నేను సార్ వంక చూశా. సార్ సీలింగ్ వంక చూస్తన్నాడు. సాయి ప్రియ నా చెయ్యి గిల్లింది. ఇష్రత్ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"అప్పుడు రెండూ పెట్టాలి మేడం. కానీ మన దగ్గర దుమ్ము అనే లేబులే లేదు. ముందు అది పెట్టండి. అది లేకే ఒకళ్లు తెగులంటన్నారు, నేను ఏమీ లేదంటన్నా. ఇద్దరం తప్పే చెప్తన్నాం."

మేడం పక్కనున్న ఇద్దరితో ఏదో మాట్టాడి, మళ్లీ ఇటు తిరిగింది.

"అంటే మన యాప్ ఇన్నాళ్లూ అక్కడి రైతుల్ని సున్నం దుమ్ముకి మందు కొట్టమని చెప్తోందా?"

"అవును మేడం" అంది ఇష్రత్.

మేడం నుదురు పట్టుకుంది. తర్వాత నవ్వేసింది. దుమ్ముకి కొత్త లేబుల్ పెడతామంది. పల్నాడు ఫోటోలన్నీ ఇకమీదట ఇష్రత్ సరిచూసిన తర్వాతే ముందుకు పోవాలంది. టీం ఆపేది లేదంది. చివర్లో, "మౌలాలీ గారూ, మీ టీం చాలా బాగుంది" అంది.

"క..."

వినపడింది నాకు! సార్ నోట్లోంచి, ఖంగుమని, ఏ జలుబూ లేని గొంతుతో, ఆ ఒక్క అక్షరం బయటపడింది. వెంటనే మఫ్లర్ నోట్లో కుక్కుకుని దగ్గాడు. ఇష్రత్‌ని ఎత్తి తిప్పే హడావుడిలో మిగతా ఎవరూ పట్టించుకోలా.

సాయంత్రం ఇష్రత్, నేనూ సార్‌ని ఇంటికెళ్లి పలకరించొద్దామంటే, సాయి ప్రియ కూడా తేనె సీసా కొనుక్కుని వచ్చింది. నా అనుమానం వాళ్లకి చెప్పలా. బరంపేటలో సార్ ఇల్లు. మాకు ఎప్పటినుంచో ఒక దిగులుండేది, ఈ మనిషితో వాళ్లావిడ ఎట్టా కాపరం చేస్తందో అని. గేటు దగ్గరికి పోయేసరికి లోపల నుంచి మాటలు వినపడినయి.

"అవును రజియా... అవునవును... హా, నువ్వు చెప్పిందే కరెక్టు... హా, రేపే తెస్తా..."

సాయి ప్రియ గేటు మీద నంబరు చూసింది. "వేరే ఇంటికొచ్చామే" అంది.

ఇల్లు అదే. తలుపు తీసింది రజియా ఆంటీ. లోపల మౌలాలీ సార్ నేల మీద బాసింపట్టు వేసుకుని, పళ్లెంలో బెండకాయలు వేరు చేస్తన్నాడు. మఫ్లర్ లేదు. మమ్మల్ని చూసి గొంతు పట్టుకున్నాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది.

"సార్‌కి గొంతు పోయిందని..." అంది సాయి ప్రియ తేనె సీసా పట్టుకుని.

"ఈయనకా? ఇంటికొచ్చినకాడి నుంచి ఆపకుండా మాట్లాడుతున్నాడు" అంది ఆంటీ. "ముదురు బెండకాయలు తెచ్చాడు. ఇవి లేతవి అని బండివాడు అంటే, అవునవును అని తెచ్చుకుంటాడు. కాదు అనడం రాదు ఈ మనిషికి."

మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

"ఆంటీ, సార్ ఆఫీసులో మేం ఏం చెప్పినా కాదనే అంటారు" అన్నా నేను.

"ఈయనా? మా నిఖా అయినకాడి నుంచి ఆ మాట నా చెవిన పడలా." ఆంటీ సార్ వైపు తిరిగింది. "అందుకా, వారం నుంచి నన్ను హైదరాబాదు మేడంలా కూర్చోబెట్టి, దీనికి ఆవిడ ఏం అడుగుద్ది, దానికి ఏం అడుగుద్ది అని నా ప్రాణం తీశావు? దుమ్ము మట్టి రంగులో ఉండాలిగా అని నేనే అడిగా. తుడిస్తే తెగులు కూడా పోతదిగా అని నేనే అన్నా!"

ఇష్రత్ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"మీకు అది దుమ్మని ముందే తెలుసా సార్?"

"తెలియకేం బేటా" అంది ఆంటీ. "ఈయన పుట్టింది పిడుగురాళ్లలోనేగా, బట్టీల పక్క వీధిలో. మా అత్త ఆరేసిన బట్టలు దులపలేక చచ్చేది."

సార్ బెండకాయ విరిచాడు. అది విరగలా, ముదిరిపోయింది. ఇంకోటి తీసుకున్నాడు.

"మరి మీరే చెప్పొచ్చుగా సార్, మేడంకి?" అంది సాయి ప్రియ. రాక్షసుడు అన్నది గుర్తొచ్చిందేమో, గొంతు తగ్గించే అంది.

"నేను చెప్తే ఎవరు వింటారమ్మా?" అన్నాడు సార్. "నేను ప్రతిదానికీ కాదంటానని హైదరాబాదు మొత్తానికి తెలుసు. మౌలాలీ గదా, ఇది కూడా కాదంటన్నాడు అని నవ్వి వదిలేస్తారు. ఈ పిల్ల ఎప్పుడూ కాదనదు. అదే కాదంటే, ఆగి వింటారు."

తర్వాత ఆయనే గొణిగాడు. మీరంతా కొత్తలో ఏది చెప్పినా ఊ కొట్టేవాళ్లు, ఊ కొడితే మీ బుర్రలో ఏముందో నాకెట్టా తెలుస్తది, కాదంటే కోపమొచ్చి నాలుగు మాటలు చెప్తారు, అట్టా మొదలుపెట్టా, ఇప్పుడది టీ బంకు కాడ కూడా వచ్చేస్తంది, ఆపలేకపోతన్నా, అని.

"ఇంట్లోకి వస్తే ఊరుకుంటానా" అంది ఆంటీ.

తర్వాత అన్నం తిని పొమ్మంది. నాకూ, సాయి ప్రియకీ అడ్డు చెప్పే దమ్ము లేదు, కూర్చున్నాం. ఇష్రత్ బ్యాగు భుజానికేసుకుంది. ఆ పిల్లకి ఆంటీ ఖాలా, అంటే పిన్ని.

"లేదు ఖాలా, బస్సుకి పోవాలి."

"తర్వాతి బస్సుకి పోదువులే, కూర్చో."

"తర్వాతిది కిక్కిరిసిపోయి వస్తది ఖాలా. నిలబడాలి."

"ఈయన బండి మీద దించుతాడు."

"పిడుగురాళ్ల దాకానా? సార్ రాత్రికి తిరిగి ఎట్టా వస్తారు? మీరే కంగారు పడతారు."

"అయితే ఫోన్ చెయ్యి మీ అమ్మకి, ఈడే ఉంటానని."

"మా అమ్మ వంట చేసి పెట్టి ఉంటది ఖాలా. మీరు వండింది నేను తినకపోతే మీకెట్టా ఉంటదో, ఆమెకీ అట్టాగే ఉంటదిగా?"

రజియా ఆంటీ నోరు తెరిచింది. మళ్లీ మూసింది. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లకపోవడం అదే మొదలనుకుంటా. లోపలికెళ్లి ఒక డబ్బాలో ఖుబానీ కా మీఠా అనే స్వీటు పెట్టి తెచ్చి ఇష్రత్ చేతిలో కుక్కి, ఆ పిల్ల గేటు దాటేదాకా చూసి, గిర్రున సార్ వైపు తిరిగింది.

"ఏం పిల్లని తయారుచేశావయ్యా! నన్నే నోరెత్తనివ్వలా. చూసి నవ్వుకుంటున్నావా నువ్వు?"

సార్ మా ఇద్దరి వంక చూశాడు. ఆంటీ వంక చూశాడు. ఇంట్లో అనేది అనాలో, ఆఫీసులో అనేది అనాలో ఆయనకి తేలలా. బెండకాయల పళ్లెం ఎత్తుకుని వంటింట్లోకి పోయాడు.